గ్యారీ మూర్ స్మృతిలో ఒక శ్రవణ సాయంత్రం: నల్లగొండ, పాలమూరు అభిమానులు ఎట్లా జరుపుకోవచ్చు

ఐర్లండ్ గిటారిస్టు గ్యారీ మూర్ 2011 ఫిబ్రవరి 6న స్పెయిన్‌లోని ఎస్టెపోనా పట్టణంలో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్ళు. ఆయన వాయిద్యాన్ని ప్రేమించేవారు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో, మిర్యాలగూడ, వనపర్తి వంటి పట్టణాల్లో కూడా ఉన్నారు. మనలో చాలామందికి ఆయన కచేరీలు మొదట క్యాసెట్లలోనో సీడీల్లోనో, తరువాత ఫోన్లలోనో పరిచయమయ్యాయి. వర్ధంతి నాడు పటం పెట్టి, దండ వేసి, నలుగురు మాట్లాడి వెళ్ళిపోవడం మనకు అలవాటైన పద్ధతి. అందులో తప్పేమీ లేదు గానీ, ఈ మనిషి విషయంలో అది చాలదని నేను గట్టిగా నమ్ముతాను. వేదిక మీద ఆయన వాయించిన వాటిలో మనల్ని ఎక్కువగా కదిలించేవి చాలావరకు స్వయంగా స్మరణలే. చనిపోయిన మిత్రుడు ఫిల్ లైనట్ కోసం కొన్ని, తనకు దారి చూపిన పీటర్ గ్రీన్ కోసం కొన్ని ఆయన వాయించారు. తన వాళ్ళను ఆయన ఉపన్యాసాలతో కాక వాయిద్యంతో తలచుకున్నారు కనుక, ఆయనను తలచుకునే సాయంత్రం కూడా ప్రధానంగా వినడం మీదే నిలబడాలి. అటువంటి సాయంత్రాన్ని మన ఊళ్ళలో, మనకు దొరికే వసతులతో ఎట్లా నడపవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ఏం వినిపించాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ ఎంపికకే కేటాయించాలి. గంటన్నర నుంచి రెండు గంటల కార్యక్రమానికి ఎనిమిది లేదా తొమ్మిది ప్రదర్శనలు సరిపోతాయి, ప్రతి ఒక్కటీ మొదటి స్వరం నుంచి చివరి చప్పట్ల దాకా పూర్తిగా వినిపించాలి. ఇంటర్నెట్‌లో దొరికే "గొప్ప సోలోలు" వంటి ముక్కల కూర్పులను దయచేసి దూరంగా ఉంచండి. మూర్ సోలోలో, అంటే పాట నడుమ గిటారు ఒక్కటే ముందుకు వచ్చి పలికే భాగంలో, ఆవేశం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, దానికి ముందు ఆయన ఎంతసేపు తగ్గి వాయించారో, ఏ మాట పాడి ఆగారో చెవికి తెలియాలి. ముందున్న మూడు నిమిషాలను కోసేస్తే ఆ తరువాతి ఒక్క నిమిషంలో వేగం మాత్రమే వినబడుతుంది, బాధ వినబడదు.

ప్రదర్శనలను ఆల్బమ్‌ల వరుసలో కాకుండా మనుషుల వెంట పేర్చుకోవడం మేలు. మొదటి వరుస లైనట్‌ది. 1952 ఏప్రిల్ 4న బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన మూర్ పదహారేళ్ళ వయసులో డబ్లిన్ చేరి స్కిడ్ రో అనే బృందంలో కలిశారు. అప్పుడు అందులో పాడుతున్నది లైనట్. తరువాత లైనట్ నడిపిన థిన్ లిజ్జీలో మూర్ పలుమార్లు చేరారు, పలుమార్లు విడిపోయారు. ఆ బృందం 1974లో విడుదల చేసిన 'నైట్‌లైఫ్' ఆల్బమ్‌లో 'స్టిల్ ఇన్ లవ్ విత్ యు' అనే పాటను లైనట్, ఫ్రాంకీ మిల్లర్ కలిసి పాడగా, అందులోని గిటారు సోలో మూర్‌ది. లైనట్ 1986 జనవరి 4న, 36 ఏళ్ళ వయసులో మరణించారు. 2005 ఆగస్టులో డబ్లిన్ నగరంలోని హ్యారీ వీధిలో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించిన మరునాడు, 20వ తేదీన, మూర్ అదే నగరంలో స్మారక కచేరీ చేశారు. థిన్ లిజ్జీలో వేర్వేరు కాలాల్లో వాయించిన ఎరిక్ బెల్, బ్రయాన్ రాబర్ట్‌సన్, స్కాట్ గోరమ్, డ్రమ్మర్ బ్రయాన్ డౌనీ ఆ రాత్రి వేదిక మీదికి వచ్చారు. ఆ కచేరీ వీడియోగా దొరుకుతుంది.

మీ సాయంత్రానికి ఇదే నడుమ స్తంభం కావాలని నా సలహా. ముందు 1974 నాటి 'స్టిల్ ఇన్ లవ్ విత్ యు' వినిపించి, ఒక్క మాట కూడా చెప్పకుండా వెంటనే 2005 నాటిది చూపించండి. మొదటి దానిలో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు మిత్రుడి గొంతు పక్కన నిలబడి వాయిస్తున్నాడు. రెండవ దానిలో ఆ గొంతు లేదు. యాభై మూడేళ్ళ మనిషి ఆ మాటలను తానే పాడి, తానే గిటారుతో జవాబు చెప్పుకుంటున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఎడం ఉన్న ఈ రెండింటినీ పక్కపక్కన విన్నవారికి లైనట్ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు.

రెండవ వరుస పీటర్ గ్రీన్‌ది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్రిటిష్ బృందం స్థాపకుల్లో ఒకరైన గ్రీన్, కుర్రవాడైన మూర్ బృందానికి రికార్డింగ్ ఒప్పందం దొరకడంలో సహాయపడ్డారు. తరువాత తన 1959 నాటి లెస్ పాల్ రకం ఎలక్ట్రిక్ గిటారును ఆయనకే అమ్మారు. మెడ వైపు పికప్‌లో (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగంలో) అయస్కాంతం తిరగబడి ఉండడం వల్ల, రెండు పికప్‌లనూ కలిపి వాడినప్పుడు ఆ గిటారు కొంచెం బొంగురుగా, ముక్కుతో పలికినట్టుగా ధ్వనిస్తుంది. మూర్ 1995లో 'బ్లూస్ ఫర్ గ్రీనీ' పేరుతో గ్రీన్ పాడిన, వాయించిన పాటలతో ఒక ఆల్బమ్ చేసి, అదే గిటారుతో కచేరీలు కూడా ఇచ్చారు. వాటిలో నుంచి నెమ్మదిగా సాగే ఒకటి రెండు తీసుకోండి. ఆ గిటారును మూర్ 2006లో అమ్మేశారు, ఇప్పుడది మెటాలికా అనే రాక్ బృందపు గిటారిస్టు కర్క్ హ్యామెట్ దగ్గర ఉంది. అమ్మిన తరువాత కూడా ఆయన వాయిద్యంలోని ఆర్తి తగ్గలేదని 2010 జూలైలో స్విట్జర్లండ్‌లోని మోంత్రో ఉత్సవంలో చేసిన కచేరీ చూస్తే తెలుస్తుంది. అందుకే 1995 తరువాత 2010 నాటిది ఒకటి పెట్టాలంటాను.

ఇక 'పారిసియెన్ వాక్‌వేస్' లేకుండా ఏ అభిమానీ ఒప్పుకోడు. లైనట్‌తో కలిసి రాసి, ఆయన గొంతుతో రికార్డు చేసిన ఈ పాట 1979లో బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 8వ స్థానానికి చేరింది. కచేరీల్లో ఈ పాట నడుమ మూర్ ఒక స్వరాన్ని పట్టుకుని చాలాసేపు వదలకుండా నిలబెట్టేవారు. దీని వెనుక ఉన్న పనితనాన్ని ముందే రెండు వాక్యాల్లో చెబితే వినేవారికి ఆసక్తి పెరుగుతుంది. ఆంప్లిఫయర్ నుంచి పెద్దగా వెలువడే శబ్దం తిరిగి వచ్చి తీగను తాకి, దాని కంపనం ఆగిపోకుండా చేస్తుంది, వాయించేవాడు వేదిక మీద సరైన చోట, సరైన కోణంలో నిలబడి, వేలిని అదే ఒత్తిడిలో ఉంచితే స్వరం బతికే ఉంటుంది. 1979 నాటి రికార్డును ముందు వినిపించి, 1993లో వచ్చిన 'బ్లూస్ అలైవ్' లోని ప్రత్యక్ష ప్రదర్శనను తరువాత పెట్టండి. ఇదే పాటను 2010లో మోంత్రోలో వాయించిన ప్రదర్శనను మాత్రం కార్యక్రమం చివరికి దాచుకోండి, అది ఆయన మరణానికి ఏడు నెలల ముందుది. మిగిలిన ఖాళీల్లో 'స్టిల్ గాట్ ది బ్లూస్', 'ఎంప్టీ రూమ్స్', మాటలు లేని 'ది లోనర్' వంటివి మీ మిత్రుల ఇష్టాన్ని బట్టి చేర్చుకోవచ్చు. వేగంగా సాగే పాట ఒక్కటైనా ఉండాలి. 1985లో లైనట్‌తో కలిసి పాడిన 'అవుట్ ఇన్ ది ఫీల్డ్స్' అందుకు తగినది.

రోజు, చోటు, అనుమతులు

వర్ధంతి ఫిబ్రవరి 6. పుట్టినరోజు ఏప్రిల్ 4, కాని ఆనాటికి మన దగ్గర ఎండ ముదిరి, ఫ్యాన్లు లేకుండా ఎవరూ కూర్చోలేరు. ఫ్యాన్ల రొదలో నెమ్మదైన వాయిద్యం మునిగిపోతుంది. అందువల్ల ఫిబ్రవరే మంచిది. అయితే ఆ రోజులు చాలా ఏళ్ళు మాఘమాసంలో పడతాయి. పెళ్ళి ముహూర్తాల వల్ల ఫంక్షన్ హాళ్ళు, సౌండ్ సిస్టమ్ వాళ్ళు ఖాళీగా ఉండరు. చెరువుగట్టు, మన్యంకొండ జాతరలు కూడా మాఘంలోనే వస్తాయి కాబట్టి బస్సులు కిటకిటలాడతాయి. పంచాంగం ముందే చూసుకుని, అవసరమైతే దగ్గరి ఆదివారానికి జరుపుకోండి. తేదీ పట్టింపు కన్నా మనుషులు నిదానంగా కూర్చోగలగడం ముఖ్యం.

ఇరవై ముప్పై మందికి ఒక ఇంటి పెద్ద గది గానీ, ప్రైవేటు పాఠశాల తరగతి గది గానీ చాలు. ఫంక్షన్ హాలు వద్దు, నున్నటి టైల్స్, ఎత్తైన స్లాబు, ఖాళీ గోడల మధ్య గిటారు స్వరం ముద్దగా మారిపోతుంది. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిది లోపు ముగించండి. దేవరకొండ, కల్వకుర్తి వైపు నుంచి వచ్చినవారు తిరుగు బస్సు అందుకోవాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిషేధం ఉంటుంది. మనకు ఆ అవసరం రాకూడదు, గది తలుపులు మూసుకునే వినాలి. మిత్రులు ఇంట్లో కూర్చుని వినడం వేరు, హాలు తీసుకుని టికెట్ పెట్టి అందరినీ పిలవడం వేరు. రెండవ దానికి రికార్డింగుల హక్కుదారుల సంస్థల నుంచి లైసెన్సు తీసుకోవాలి.

ధ్వని సంగతి

మన ఊళ్ళలో అద్దెకు దొరికే డీజే బాక్సులు బరాత్‌ల కోసం కట్టినవి. వాటిలో కింది స్థాయి బేస్ శబ్దం గుండెను తడుతుంది గానీ గిటారు పలుకు వెనక్కి పోతుంది. అంతకన్నా ఇంట్లో వాడే మంచి స్టీరియో స్పీకర్లు రెండు, వాటికి తగిన ఆంప్లిఫయర్ ఒకటి ఎంతో మేలు. తప్పనిసరై బాక్సులే తేవలసి వస్తే, సౌండ్ చూసే అతనితో ముందుగానే కూర్చుని మూడు మాటలు స్పష్టంగా చెప్పండి: బేస్ బాగా తగ్గించాలి, ఎకో పూర్తిగా తీసేయాలి, పాట నడుస్తుండగా శబ్దాన్ని పెంచడం తగ్గించడం చేయకూడదు. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మూర్ గుసగుసలాడేటంత తగ్గి, ఒక్కసారిగా గది నిండేటట్టు లేస్తారు. తగ్గినచోట వినబడలేదని నాబ్ తిప్పితే, లేచినచోట చెవులు పగులుతాయి, అప్పుడు మళ్ళీ తగ్గిస్తారు. ఇట్లా రెండుసార్లు చేస్తే ఆయన కట్టిన ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. కార్యక్రమానికి ముందు గదిలో అతి పెద్ద శబ్దం వచ్చే చోటును వినిపించి, అది భరించగలిగేటట్టు ఒకసారి స్థిరపరచి, తరువాత ఎవరూ ముట్టుకోకుండా చూడండి. ఫోన్లోనో కంప్యూటర్లోనో ధ్వనులను ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగు, ఈక్వలైజరు ఉంటే వాటిని ఆపేయాలి.

వీడియోలను ఇంటర్నెట్ నుంచి నేరుగా నడపకండి. సిగ్నల్ తెగితే ఆ నిలిచిన స్వరం మధ్యలో చక్రం తిరుగుతుంది, నడుమ ప్రకటనలు వస్తాయి. అధికారిక డిస్కులు గానీ కొనుక్కున్న ఫైళ్ళు గానీ సిద్ధం చేసుకోండి. యాసంగి సాగుకు మోటార్లు నడిచే రోజులు కాబట్టి ఓల్టేజీ పడిపోవచ్చు. ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్, టీవీ రెండూ ఎంతసేపు నడుస్తాయో ముందురోజే పరీక్షించండి.

గదిలో ప్రతిధ్వని ఉందో లేదో తెలుసుకోవడానికి నడుమ నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగకుండా గోడల మధ్య రింగుమంటే నేల మీద జంపఖానాలు పరచి, స్పీకర్ల ఎదుటి గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. పోచంపల్లి దుప్పట్లు ఇళ్ళలో ఉంటే అవి ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. ప్లాస్టిక్ కుర్చీలు కదిలినప్పుడల్లా కీచుమంటాయి కాబట్టి అందరూ నేల మీదే కూర్చోవడం మంచిది, పెద్దవారికి మాత్రం గోడ వైపు నాలుగు కుర్చీలు వేయండి.

నడిపించే పద్ధతి

నడిపించేవారు ఒక్కరే ఉండాలి. ప్రతి ప్రదర్శనకు ముందు ఆ ఒక్కరు ఊరు, సంవత్సరం, పక్కన వాయించినవారు, అప్పటికి మూర్ జీవితంలో జరిగినది చెప్పి కూర్చోవాలి. నిమిషం దాటకూడదు. ఇంగ్లీషు పాట అందరికీ అర్థం కాదు కాబట్టి, ఒక్కో పాట సారాన్ని నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి, ఒక కాగితం మీద అందరికీ ముందే పంచండి. పాట ముగియగానే తరువాతి దానికి పరుగెత్తకుండా, ఎవరూ మాట్లాడకుండా కొంచెం వ్యవధి వదలండి. ఫోన్లు గుమ్మం దగ్గర ఒక బుట్టలో ఉంచమని ముందే అడగండి, ఎవరూ నొచ్చుకోరు. టీ మొదలుకు ముందే ఇచ్చేయండి.

రాక్ సంగీతం ఎరగని పెద్దవారిని కూడా పిలవమని నా విన్నపం. వాళ్ళకు ఇది కొత్త గోల అనుకుని మనమే తప్పిస్తుంటాం. ఒగ్గు కథలో కథకుడు వదిలిన మాటను వంత పాడేవాళ్ళు అందుకున్నట్టు మూర్ తాను పాడిన పాదాన్ని గిటారుతో అందుకుంటారని ఒక్క మాట చెబితే, వాళ్ళు ఆ జవాబు ఎక్కడ వస్తుందోనని ఎదురుచూస్తూ వింటారు. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం పట్టుకుని పండుగ సాయన్న కథ చెప్పే సంప్రదాయం ఉంది. ఆ వాయిద్యానికి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య గారి వల్ల రాష్ట్రమంతటా పేరు వచ్చింది. పోయిన మనిషిని తీగల మీద తలచుకోవడం తెలిసిన నేల ఇది. మీ ఊరి చుట్టుపక్కల కిన్నెర వాయించేవారు ఉంటే, తగిన పారితోషికం ఇచ్చి, కార్యక్రమం మొదట్లో పావుగంట వాయించమని కోరవచ్చు. అయితే గిటారునూ కిన్నెరనూ కలిపి అప్పటికప్పుడు జుగల్‌బందీ చేయించే ప్రయత్నం మాత్రం వద్దు. సాధన లేకుండా చేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

మన పిల్లలు వాయించాలనుకుంటే

గిటారు నేర్చుకుంటున్న యువకులు తామూ ఒకటి వాయిస్తామని ముందుకు వస్తారు. ఇది సంతోషించవలసిన విషయం, ఒకటి రెండు పాటలకు చోటు ఇవ్వండి. మూర్ ఎడమచేతి వాటం మనిషి అయినా కుడిచేతి పద్ధతిలోనే వాయించారని చెబితే ఎడమచేతి వాటం పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. వేగవంతమైన సోలోలను స్వరం స్వరం దించడానికి ప్రయత్నించకుండా, నెమ్మదైన పాటలో పల్లవి రాగాన్ని శుద్ధంగా పలికించమని చెప్పండి. 'స్టిల్ గాట్ ది బ్లూస్' ఏ మైనర్‌లో ఉంటుంది. దాని కార్డ్‌లు (కలిపి మీటే స్వరాల గుంపులు) డి మైనర్, జి, సి, ఎఫ్, బి హాఫ్ డిమినిష్డ్, ఇ అని వరుసగా తిరిగి ఏ మైనర్‌కు చేరతాయి. ఒకరు ఆ కార్డ్‌లు పట్టుకుంటే మరొకరు రాగం వాయించవచ్చు.

తీగను సాగదీసి చేరవలసిన స్వరాన్ని ముందు మామూలుగా నొక్కి విని, తరువాత సాగదీసి సరిగ్గా అక్కడికే చేరుతున్నదో లేదో పోల్చుకోవాలి. చేరిన తరువాతే కంపితం, అంటే స్వరాన్ని వణికించడం, మొదలుపెట్టాలి, అది వేలి కొసతో కాక మణికట్టుతో, ఒకే వెడల్పుతో, ఒకే వేగంతో రావాలి. మూర్ స్వరం ఏడ్చినట్టు వినిపించడానికి సగం కారణం ఈ కచ్చితత్వమే. స్వరం కొద్దిగా కిందికి జారినా ఆర్తి పోయి అపశ్రుతి మిగులుతుంది. నిలిచిన స్వరాన్ని అకూస్టిక్ గిటారు మీద ప్రయత్నించవద్దు. ఎలక్ట్రిక్ గిటారు ఉన్నా, చిన్న గదిలో ఆంప్లిఫయర్ అంత పెద్దగా పెట్టలేం కనుక, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ పెడళ్ళు (స్వరం ఎక్కువసేపు నిలిచేటట్టు చేసే, కాలితో నొక్కే పరికరాలు) కలిపి వాడి, ఐదారు సెకన్లు నిలిపితే చాలు.

జ్ఞాపకాల పుస్తకం

మనలో చాలామంది ఆయనను ఎదురుగా చూసినవారు కాకపోయినా, మన దగ్గర జ్ఞాపకాలు తక్కువేమీ లేవు. మొదటిసారి ఎక్కడ విన్నాం, ఎవరు వినిపించారు, ఏ దుఃఖంలో ఏ ప్రదర్శన తోడుగా నిలిచింది అన్నవి రాసి దాచవలసినవే. ఒక గట్టి అట్ట నోట్‌బుక్ పెట్టి, ముగింపులో ఇష్టమైనవారిని రాయమనండి. "అద్భుతం", "దేవుడు" వంటి మాటలతో పేజీ నిండకుండా చిన్న నియమం పెట్టుకోవాలి: ఏ కచేరీ, ఏ సంవత్సరం, ఏ పాటలో ఎన్నో నిమిషం, అక్కడ ఆయన చేయి ఏం చేసింది, మీకేం జరిగింది. ఇట్లా రాసిన అరపేజీని చదివితే, ఇంకొకరు ఆ చోటుకు వెళ్ళి తామూ వినగలుగుతారు. మాట్లాడాలనుకునేవారికి కూడా ఇదే నియమం వర్తించాలి. కన్నీళ్ళు వస్తే రానివ్వండి, ఓదార్చడానికి తొందరపడకండి. అక్కడ ఏడ్చేవారు తరచుగా మూర్ కోసం మాత్రమే కాక, తమకు ఆయనను పరిచయం చేసి వెళ్ళిపోయిన అన్న కోసమో స్నేహితుని కోసమో ఏడుస్తుంటారు.

నోట్‌బుక్ ఒకరి దగ్గరే ఉండిపోకుండా ఏటా చేతులు మారాలి. ఒక ఏడాది నల్లగొండ వారి దగ్గర, మరుసటి ఏడాది మహబూబ్‌నగర్ వారి దగ్గర ఉంచి, దానిలో కొత్తగా సూచించిన ప్రదర్శనల్లో నుంచే తరువాతి సాయంత్రపు వరుసను కూర్చండి. ఆ నాటి జాబితాను, సౌండ్ స్థిరపరచిన కొలతలను, గది చిరునామాను చివరి పేజీల్లో రాసి పెడితే, తరువాత నిర్వహించేవారు సంక్రాంతి సెలవుల్లోనే పని మొదలుపెట్టుకోవచ్చు.